గాయానికి మొదట నీళ్ళు, అవసరమైతేనే యాంటీబయాటిక్

ఇనుముతోను, నిప్పుతోను, తిరిగే యంత్రాలతోను నిత్యం పనిచేసే ఊళ్ళలో గాయాలు తప్పనివి. బెంగాల్ నాగపూర్ రైల్వే 20వ శతాబ్దపు ఆరంభంలో ఖరగ్‌పూర్‌లో పెద్ద కార్ఖానాను నెలకొల్పిన తరువాత, వాల్తేరు దాకా సాగిన ఆ రైలుమార్గం వెంబడి ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు పని కోసం తరలివెళ్ళి అక్కడ స్థిరపడ్డాయి. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే ఏర్పడిన తరువాత కూడా ఆ కుటుంబాలవారు తరతరాలుగా ఆ కార్ఖానాలోను, పట్టాల మీద కూడా చెమటోడుస్తూ వచ్చారు. ఐఐటీకి వెళ్ళే దారిలో ఉన్న పూరీ గేట్ వంటి పేటల్లో నేటికీ జీవనం రైల్వేతోను, చిన్న దుకాణాలతోను, మరమ్మతు పనులతోను ముడిపడి ఉంది. రేకు కోసుకోవడం, మేకు దిగడం, వెల్డింగు రవ్వ పడి కాలడం, మోటారు సైకిలు మీద నుంచి పడి మోకాలు చెక్కుకుపోవడం ఇటువంటి చోట రోజూ జరిగేవే.

దెబ్బ తగిలిన వెంటనే మందుల షాపుకు వెళ్ళి, సెప్టిక్ కాకుండా ఉండడానికని నాలుగు యాంటీబయాటిక్ గొట్టాలు (క్యాప్సూళ్ళు) కొని మింగడం ఖరగ్‌పూర్‌లోనే కాక దేశమంతటా పాతుకుపోయిన అలవాటు. యాంటీబయాటిక్ అంటే బాక్టీరియా అనే సూక్ష్మజీవులను చంపే, లేదా వాటి పెరుగుదలను ఆపే మందు. తెగిన చర్మాన్ని అతికించే శక్తి గాని, నొప్పిని తగ్గించే గుణం గాని దానికి లేవు. గాయాన్ని మాన్పేవి శుభ్రత, రక్తప్రసరణ, పోషణ, శరీరానికి సహజంగా ఉన్న రక్షణ; ఆ రక్షణకు మించిన దాడి జరిగినప్పుడు, లేదా జరగబోతున్నదని గట్టిగా అనుమానించవలసి వచ్చినప్పుడు మాత్రమే యాంటీబయాటిక్ అవసరమవుతుంది. అటువంటి వేళ అది ప్రాణం నిలుపుతుంది, తక్కిన వేళల్లో మేలు చేయకపోగా కీడు చేస్తుంది కనుక, ఆ తేడాను గుర్తించడం ప్రతి ఇంటికీ అవసరమైన జ్ఞానం.

మానుతున్న గాయం, చీముపట్టిన గాయం

చర్మం తెగిన క్షణం నుంచే శరీరం మరమ్మతు మొదలుపెడుతుంది. మొదట రక్తం గడ్డకట్టి ధార ఆగుతుంది. ఆ తరువాత ఆ చోటికి రక్తనాళాలు వెడల్పై, వాటి నుంచి తెల్ల రక్తకణాలు బయటికి వచ్చి, చొరబడిన సూక్ష్మజీవులను, చచ్చిన కణాలను తినివేస్తాయి. దీన్నే వైద్యులు వాపు ప్రక్రియ అంటారు. గాయం అంచు వెంబడి సన్నని ఎర్రని చార, కొద్దిపాటి వాపు, తాకితే నొప్పి, పలుచని పసుపురంగు ఊట మొదటి రెండు మూడు రోజులు కనిపించడం ఈ ప్రక్రియలో భాగమే తప్ప, మందు వేసుకోమని చెప్పే సూచన కాదు. ఆ పైన ఎర్రని కొత్త కండ పుట్టి, గాయం పూడి, అంచుల నుంచి చర్మం కమ్ముకొస్తుంది.

సూక్ష్మజీవులు ఉండడం వేరు, అవి దాడి చేయడం వేరు. ఏ గాయం మీదనైనా, ముఖ్యంగా చాలాకాలంగా మానని పుండు మీద, బాక్టీరియా ఉండనే ఉంటుంది. దూదితో ఊట తీసి పరీక్షకు పంపితే ఏదో ఒక సూక్ష్మజీవి పేరు నివేదికలో వస్తుంది. అందుచేత చికిత్సను నిర్ణయించవలసినది నివేదిక ఒక్కటే కాదు, రోగిలో కనిపించే లక్షణాలు. తగ్గుముఖం పట్టవలసిన నొప్పి మూడో రోజునో నాలుగో రోజునో పెరిగి సలపడం, ఎరుపు గాయపు అంచు దాటి రోజురోజుకు విస్తరించడం, చుట్టూ చర్మం వేడెక్కి గట్టిపడడం, చిక్కని చీము, దుర్వాసన, గాయం నుంచి పైకి పాకే ఎర్రని గీతలు, చంకలోనో గజ్జల్లోనో బిళ్ళకట్టడం, చలిజ్వరం అనేవి దాడి మొదలైందని తెలిపే గుర్తులు. నల్లని మేనిఛాయ ఉన్నవారిలో ఎరుపు తేలికగా కనిపించదు కనుక, ఆ చోట చర్మం మరింత నల్లబడి నిగనిగలాడడం, వేడి, వాపు, నొప్పి మీద ఎక్కువ దృష్టి ఉంచాలి. ఎరుపు అంచు వెంబడి పెన్నుతో గీత గీసి, మరునాడు ఆ గీత దాటిందో లేదో చూడడం ఆసుపత్రుల్లో వైద్యులు అనుసరించే సులువైన పద్ధతి.

యుద్ధభూమి నేర్పిన పాఠం

శుభ్రపరచడమే గాయానికి ప్రధాన చికిత్స అన్న సత్యాన్ని గట్టిగా నిరూపించినవారిలో, తరువాతి కాలంలో పెనిసిలిన్‌ను కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒకడు కావడం గమనించదగిన విషయం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆయన ఫ్రాన్సులోని బొలోన్ పట్టణంలో బ్రిటిషు సైనిక ప్రయోగశాలలో పనిచేశాడు. ఎరువు కలిసిన పొలం మట్టి, చిరిగిన బట్ట పేలికలు తుపాకి గుండ్లతోపాటు ఒంట్లో దూరడం వల్ల సైనికుల గాయాలు కుళ్ళిపోయేవి. వైద్యులు ఘాటైన క్రిమినాశకాలను గాయాల్లో పోసేవారు. గాయంలోని సందుగొందులను పోలిన ముళ్ళవంటి కొనలు ఉన్న గాజుగొట్టాన్ని తయారుచేసి, అందులో సూక్ష్మజీవులున్న ద్రవాన్ని, ఆ తరువాత క్రిమినాశకాన్ని పోసి చూసిన ఫ్లెమింగ్, ఆ మందు కొనల్లోని జీవులను చేరలేకపోతున్నదని, అవి తిరిగి పెరుగుతున్నాయని చూపాడు. పైగా ఆ మందులు శరీరాన్ని కాపాడే తెల్ల రక్తకణాలనే ముందు చంపుతున్నాయి. మట్టిని, చచ్చిన కండను కోసి తొలగించి, ఆరోగ్యకరమైన కండ కనిపించేదాకా శుభ్రం చేసే శస్త్రవిధానం ఆ యుద్ధంలోనే స్థిరపడింది.

1928లో ఫ్లెమింగ్ గుర్తించిన పెనిసిలిన్‌ను ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు శుద్ధిచేసి 1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు ఉద్యోగికి ఇచ్చారు. ముఖమంతా చీముగడ్డలతో మరణం అంచున ఉన్న ఆయన కొద్దిరోజుల్లోనే తేరుకున్నాడు గాని, మందు నిల్వ అయిపోవడంతో, మూత్రం నుంచి తిరిగి తీసిన మందు కూడా చాలక మార్చిలో మరణించాడు. అవసరమైన వేళ యాంటీబయాటిక్ ఎంత విలువైనదో, అది లేకపోతే ఏమవుతుందో ఈ ఒక్క ఉదంతం చెబుతుంది.

ఈ చరిత్రలో తెలుగువారికి సొంతమైన అధ్యాయం ఒకటి ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, 1923లో అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలో, అక్కడ పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మట్టి నమూనాల నుంచి ఆరియోమైసిన్ అనే బంగారువన్నె మందును వెలికితీశాడు. 1948లో ప్రకటించిన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. పెనిసిలిన్‌కు లొంగని అనేక జాతుల సూక్ష్మజీవులను సైతం అణచగలగడం దాని ప్రత్యేకత. సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశాడు. అదే కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్‌ను పెనిసిలిన్ పడనివారికి, జంతువులు కరిచిన గాయాల్లో కూడా వైద్యులు నేటికీ వాడుతున్నారు.

మందు అక్కరలేని గాయాలు

శుభ్రమైన కత్తితోనో రేకుతోనో తెగిన గాయం, చెక్కుకుపోయిన చర్మం, చిన్న బొబ్బ, కుట్లు వేసిన తాజా గాయం వంటివాటిలో అధికభాగానికి యాంటీబయాటిక్ అవసరం లేదు. రక్తం ఆగేదాకా శుభ్రమైన గుడ్డతో ఐదు పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టి, ఆ తరువాత కుళాయి ధార కింద గాయాన్ని ఉంచి, మట్టి, ఇసుక, ఇనుపరజను కనిపించకుండా పోయేదాకా కడగడం ముఖ్యమైన పని. తాగడానికి పనికివచ్చే శుభ్రమైన కుళాయినీటితో కడిగితే, సెలైన్‌తో కడిగినదానికంటే చీముపట్టే ప్రమాదం ఎక్కువ కాదని పరిశోధనల్లో తేలింది. నీటి మీద అనుమానం ఉన్నచోట కాచి చల్లార్చిన నీరు వాడవచ్చు. చుట్టూ ఉన్న చర్మాన్ని సబ్బుతో కడిగి, తడి ఒత్తి, శుభ్రమైన కట్టు కట్టి, అది తడిసినా మురికిపట్టినా మార్చాలి. గాయాన్ని గాలికి ఎండబెడితే త్వరగా మానుతుందన్న నమ్మకం సరైనది కాదు. కట్టు కింద కొద్దిపాటి తేమ నిలిచిన గాయంలోనే కొత్త చర్మం సులువుగా కమ్ముకొస్తుంది.

కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లని నీటిధార పోయడం ప్రథమ చికిత్స. పేస్టు, కాఫీపొడి, సిరా పూయడం వల్ల గాయపు లోతు కనిపించక పోవడమే కాక కొత్త మురికి చేరుతుంది. కాలిన గాయాలకు ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ మింగించవలసిన అవసరం సాధారణంగా ఉండదు. పప్పు తింటే చీముపడుతుందని గాయపడినవారికి పప్పు, గుడ్డు, మాంసం మాన్పించే ఆచారం మన ఇళ్ళలో బలంగా ఉంది. నిజానికి కొత్త కండ పుట్టడానికి కావలసిన మాంసకృత్తులు ఇచ్చేవి అవే కనుక, ఆ పథ్యం గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది.

యాంటీబయాటిక్ పొడులు, పూతమందుల విషయంలో కూడా ఇదే వివేకం అవసరం. లోతైన గాయంలో చల్లిన పొడి గడ్డకట్టి, కింద చీమును దాచిపెడుతుంది. నియోమైసిన్ వంటి మందులున్న పూతలు కొందరిలో దురద, పొక్కులు పుట్టించి, చీముపట్టిందేమోనన్న భ్రమను కలిగిస్తాయి.

తప్పనిసరి అయ్యే వేళలు

యాంటీబయాటిక్ అవసరమయ్యే సందర్భాలు రెండు తెగలు. దాడి మొదలైన లక్షణాలు కనిపించినప్పుడు ఇచ్చేది చికిత్స. లక్షణాలు రాకముందే, గాయపు స్వభావాన్ని బట్టి ప్రమాదం ఎక్కువని తెలిసి ఇచ్చేది ముందు రక్షణ.

మొదటి తెగలో ముఖ్యమైనది చర్మంలోను, దాని కింది పొరలోను ఎరుపు, వేడి, వాపు విస్తరించే సెల్యులైటిస్. దీనికి సాధారణంగా కారణం స్ట్రెప్టోకాకస్, స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియా కనుక, వాటి మీద పనిచేసే క్లాక్ససిలిన్, సెఫలెక్సిన్ వంటి మందులను వైద్యుడు ఎంచుకుంటాడు. తీవ్రత లేని సందర్భాల్లో ఐదు నుంచి ఏడు రోజుల చికిత్స చాలుతుంది. మందు మొదలుపెట్టిన తొలి రోజున ఎరుపు కాస్త పెరిగినట్టు కనిపించవచ్చు గాని, రెండు మూడు రోజులకు కూడా జ్వరం, నొప్పి తగ్గకపోతే తిరిగి చూపించాలి.

రెండో తెగలో మొదట చెప్పవలసినవి కాట్లు. పిల్లి పళ్ళు సూదుల్లా సన్నగా ఉండి సూక్ష్మజీవులను లోతుగా దించుతాయి. మనిషి కాటు, ముఖ్యంగా కొట్లాటలో ఎదుటివాని పన్ను తగిలి వేలి కణుపు మీద తెగిన గాయం, చూడడానికి చిన్నదైనా కీలు దాకా చేరి ఉండవచ్చు. ఇటువంటి గాయాలకు, చేతి మీద, ముఖం మీద, పాదం మీద పడిన లోతైన కుక్కకాట్లకు, అమాక్సిసిలిన్ క్లావులనేట్ వంటి మందును మూడు నుంచి ఐదు రోజులు ముందు రక్షణగా ఇవ్వడం పద్ధతి. చర్మం తెగని గీతకు అది అక్కరలేదు.

ఎముక విరిగి చర్మం చీల్చుకువచ్చిన గాయాలు రైలు, రోడ్డు ప్రమాదాల్లో తరచు చూసేవి; వీటిలో వీలైతే ఒక గంటలోపే రక్తనాళం ద్వారా యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి, ఆ తరువాత శస్త్రచికిత్స గదిలో శుభ్రం చేయాలి. కీలులోకో, స్నాయువు దాకానో తెగిన గాయాలు, పేడ, మురుగునీరు, వరిమడి బురద, చెరువునీరు చేరిన లోతైన గాయాలు, నలిగి నల్లబడిన కండ ఉన్న గాయాలు, చెప్పు అట్టను చీల్చుకుని పాదంలోకి దిగిన మేకు గాయాలు వైద్యుని పరీక్షకు రావలసినవే. రబ్బరు అట్టలో పెరిగే సూడోమోనాస్ అనే బాక్టీరియా మేకుతోపాటు ఎముక దాకా చేరగలదు. షాపులో సాధారణంగా దొరికే గొట్టాల్లో చాలావరకు దాని మీద పనిచేయవు. మధుమేహం అదుపులో లేనివారు, కీమోథెరపీ పొందుతున్నవారు, స్టెరాయిడ్లు వాడుతున్నవారు, ప్లీహం తొలగించబడినవారు ఇతరులకంటే ముందుగానే మందు పొందవలసి రావచ్చు.

శస్త్రచికిత్సలో ఇచ్చే యాంటీబయాటిక్‌కు కాలమే కీలకం. కోతకు ముందు రెండు గంటల లోపల మందు రక్తంలో చేరాలని, శస్త్రచికిత్స ముగిసిన తరువాత కేవలం ముందుజాగ్రత్త కోసం దానిని కొనసాగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది.

ఒక్క గంట కూడా ఆలస్యం చేయరాని పరిస్థితులు కొన్ని ఉన్నాయి. పైకి కనిపించే గాయానికి పొంతన లేనంత తీవ్రమైన నొప్పి, గంటల వ్యవధిలో విస్తరించే వాపు, చర్మం ఊదాగానో నల్లగానో మారడం, నెత్తుటి బొబ్బలు, నొక్కితే కరకరలాడడం, మగత, వేగంగా ఊపిరి తీయడం కనిపిస్తే, కండపొరలు కుళ్ళుతున్నాయని గాని, విషం రక్తంలో కలుస్తున్నదని గాని అనుమానించి పెద్ద ఆసుపత్రికి చేర్చాలి. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఆసుపత్రి, మహకుమా (సబ్ డివిజనల్) ఆసుపత్రి, కంసావతి నదికి అవతల మేదినీపూర్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి కనుక, ఇటువంటి రోగిని మందుల షాపు చుట్టూ తిప్పి కాలం పోగొట్టరాదు.

యాంటీబయాటిక్ చేయలేని పనులు

తుప్పుపట్టిన మేకు గుచ్చుకుంటే భయపడవలసినది ధనుర్వాతం గురించి. ఆ రోగాన్ని కలిగించే బీజాలు నిజానికి తుప్పులో కంటే మట్టిలో, పేడలో ఎక్కువగా ఉంటాయి. రక్షణ ఇచ్చేది టీకాయే తప్ప యాంటీబయాటిక్ కాదు. ప్రాథమిక టీకాలు పూర్తయినవారికి, శుభ్రమైన చిన్న గాయమైతే చివరి మోతాదు పదేళ్ళు దాటినప్పుడు, మురికి గాయమైతే ఐదేళ్ళు దాటినప్పుడు మరొక మోతాదు అవసరం. టీటీ అని జనం పిలిచే ఇంజెక్షన్ స్థానంలో ఇప్పుడు డిఫ్తీరియా రక్షణ కూడా కలిసిన టీడీ ఇస్తున్నారు. దానిని ప్రతి చిన్న గాయానికీ వేయించుకోనక్కరలేదు. ఎప్పుడు వేశారో రాసిపెట్టుకున్న చీటీ ఇంట్లో ఉంటే చాలు.

కుక్కకాటులో ప్రాణాంతకమైన రేబిస్ వైరస్ వల్ల వస్తుంది, వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. కాటును సబ్బుతో, నీటిధార కింద పదిహేను నిమిషాలు కడగడం, టీకా మోతాదులన్నీ వైద్యుడు చెప్పిన రోజుల్లోనే పూర్తిచేయడం, చర్మం చీలిన కాట్లలో గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ అనే రక్షక ద్రవం ఎక్కించడం ప్రాణరక్షణ మార్గాలు. గాయం మీద కారం, సున్నం పూయడం విలువైన కాలాన్ని హరించే పని.

కదుము కట్టిన సెగగడ్డలో రక్తప్రసరణ ఉండదు కనుక, మింగిన మందు అక్కడికి చాలినంత చేరదు. కోసి చీము వదిలించడమే దానికి వైద్యం. లోపల విరిగిన చెక్కముక్కో, ఇనుపరజనో మిగిలిపోయిన గాయం దానిని తీసేదాకా ఎన్ని మందులు మింగినా మానదు. కార్ఖానాల్లో పనిచేసేవారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన ప్రమాదం మరొకటి ఉంది. అధిక పీడనంతో గ్రీజునో, రంగునో, నూనెనో చిమ్మే పరికరం వేలికి తగిలినప్పుడు పైకి సూదిమొన అంత రంధ్రమే కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా అంతగా ఉండదు. కాని ఆ ద్రవం లోపల అరచేతి దాకా చొచ్చుకుపోయి కండను చంపుతుంది. ఇది కొద్ది గంటల్లో శస్త్రచికిత్స జరగవలసిన అత్యవసర పరిస్థితి.

మధుమేహం, బోదకాలు ఉన్నవారు

చాలాకాలం మధుమేహం ఉన్నవారి పాదాల్లో స్పర్శ తగ్గి, చెప్పులో రాయి ఉన్నా తెలియక పుండు పడుతుంది. ఆ పుండు చుట్టూ ఎరుపు, వేడి, వాపు, చీము వంటి లక్షణాలు లేనప్పుడు యాంటీబయాటిక్ ఇవ్వవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పాదం మీద భారం తగ్గించే పాదరక్ష, చచ్చిన చర్మం తొలగించడం, రక్తప్రసరణ పరీక్ష, చక్కెర అదుపు దాన్ని మాన్పుతాయి. ఎరుపు పుండు అంచు నుంచి రెండు సెంటీమీటర్లు దాటినా, పుండులో ఎముక తగిలినా, జ్వరం వచ్చినా పరిస్థితి పూర్తిగా మారుతుంది. బోదకాలు ఉన్నవారికి కాలి వేళ్ళ సందుల్లో ఒరిసిన చర్మమే సూక్ష్మజీవులకు ద్వారం. రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోవడం వల్ల మాటిమాటికీ వచ్చే జ్వరాలు, వాపులు బాగా తగ్గుతాయి.

అనవసరంగా మింగినందుకు చెల్లించే మూల్యం

1945 డిసెంబరులో నోబెల్ ఉపన్యాసం ఇస్తూ ఫ్లెమింగ్, చాలీచాలని మోతాదులో పెనిసిలిన్ వాడితే సూక్ష్మజీవులు దానికి అలవాటుపడతాయని హెచ్చరించాడు. స్టాఫిలోకాకస్ జాతిని ఎదుర్కోవడానికి 1959లో వచ్చిన మెథిసిలిన్‌కు 1961 నాటికే లొంగని రకం బ్రిటన్‌లో బయటపడింది. 2019లో మందులకు లొంగని బాక్టీరియా నేరుగా కారణమైన మరణాలు ప్రపంచంలో 12.7 లక్షలని 2022లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. మందుల తయారీకి పేరుపొందిన హైదరాబాదు సమీపాన పటాన్‌చెరు వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. మనిషి ఒంట్లోనే కాక నేలలో, నీటిలో కూడా సూక్ష్మజీవులు ఈ మందులను తట్టుకోవడం నేర్చుకుంటున్నాయన్న మాట.

వ్యక్తికి కలిగే నష్టం కూడా తక్కువేమీ కాదు. విరేచనాలు, దద్దుర్లు, అరుదుగా ప్రాణాంతకమైన అలర్జీ, పేగుల్లోని మేలుచేసే బాక్టీరియా నశించడం ఏ గొట్టంతోనైనా రావచ్చు. రెండు రోజులు మింగి ఆపిన మందు చీమును పూర్తిగా అణచదు, అసలు రోగాన్ని మాత్రం కప్పిపుచ్చుతుంది. 2014 మార్చి 1 నుంచి అమలైన హెచ్1 జాబితాలోని యాంటీబయాటిక్‌లను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని, అమ్మిన వివరాలు ప్రత్యేక పుస్తకంలో రాసి మూడేళ్ళు భద్రపరచాలని చట్టం నిర్దేశిస్తున్నది. మందు అట్ట మీద నిలువునా ఉన్న ఎర్రగీత దానిని చీటీ లేకుండా కొనరాదని గుర్తుచేస్తుంది. ఆ గీత అర్థాన్ని ప్రజలకు చెప్పడానికి కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2016లో ప్రచారం చేపట్టింది. గాయపు నొప్పితో నిలబడిన కూలిమనిషికి వైద్యుని రుసుము, పోయే రోజుకూలి భారమన్నది నిజమే; అందుకే ఈ బాధ్యతను అతని మీదనే మోపక, గాయాన్ని కడిగి కట్టు కట్టే ఏర్పాటు ప్రతి పనిచోటా, ప్రతి పేటలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోను అందుబాటులో ఉంచడం సంస్థల, ప్రభుత్వాల కర్తవ్యం.

వైద్యుడు గాయాన్ని పరిశీలించి, ఓపికగా కడిగి, కట్టు కట్టి, యాంటీబయాటిక్ అక్కరలేదని చెప్పి, ఏ లక్షణం కనిపిస్తే ఎప్పుడు తిరిగి రావాలో వివరించి పంపినప్పుడు, ఆయన చేసినది సంపూర్ణమైన చికిత్స. ఆ మాటను నమ్మి, కడగడం, కట్టు మార్చడం, రోజూ గమనించడం అనే తమవంతు పనిని గాయపడినవారు నిర్వర్తిస్తే, నిజంగా ప్రాణాపాయం ముంచుకొచ్చిన రోగికి ఇచ్చే యాంటీబయాటిక్ పనిచేసే అవకాశాన్ని వారు కాపాడినవారవుతారు.